చెస్టర్ గోర్‌స్కీ కూర్చుని తిన్న వైనం

అమెరికాలో సరస్సు ఒడ్డున ఉన్న మా ఈరీ పట్నంలో స్కూలు బస్సు నడిపే ఒక మనిషికి సొంతంగా షాపింగ్ మాల్ ఉండేది. పెద్ద బట్టల కొట్టు, చెప్పుల కొట్లు, కళ్ళజోళ్ళ కొట్టు, మధ్యలో జనం నాణేలు విసిరే ఫౌంటెన్, బయట కనుచూపు మేర కార్లు నిలిపే స్థలం, అన్నీ ఆయనవే. పేరు చెస్టర్ గోర్‌స్కీ.

సరే, అన్నీ అంటే మరీ అన్నీ కావు. వాటాలు తెగ్గొట్టి పంచితే ఆయన భాగానికి ఆడవాళ్ళ మరుగుదొడ్డి గుమ్మం దగ్గర ఒకటిన్నర టైలు వచ్చేదేమో. ఆ అర టైలు సంగతి కూడా నేను ఒట్టేసి చెప్పలేను. కానీ చెస్టర్ ఆ మాల్లో నడిచే తీరు చూసినవాడెవడూ ఆయన ఒకటిన్నర టైలు ఆసామీ అనుకోడు. దారి మధ్యలో ఆగి, నడుమున చేతులు పెట్టుకుని, పైకప్పు వంక చూసి నిట్టూర్చేవాడు. అద్దెకిచ్చిన ఇంటికి వచ్చి గోడకు కొట్టిన మేకులు చూసుకునే యజమాని నిట్టూర్పు అది.

చెస్టర్ నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఇద్దరం ఒకే చర్చి బళ్ళో, ఒకే సిస్టర్ ఫిలోమీనా చేతి స్కేలు దెబ్బలు తిన్నాం. పెద్దయ్యాక ఆయన ఇనుము పోత పోసే కార్ఖానాలో చేరాడు. అక్కడ రిటైరై, వచ్చే పింఛను చాలక స్కూలు బస్సు ఎక్కాడు. రెండేళ్ళు నడిపి మానేస్తానన్నాడు. పన్నెండేళ్ళు దాటినా నడుపుతూనే ఉన్నాడు.

మా ఊళ్ళో స్కూలు బస్సు అంటే పిల్లల గోల కాదు, మంచు. సరస్సు మీదినుంచి గాలి వచ్చిందంటే రాత్రికి రాత్రి మోకాలి లోతు పడుతుంది. తెల్లవారకముందే లేచి, ముందు సొంత కారును తవ్వి బయటికి తీసి, డిపోకు వెళ్ళి బస్సును తవ్వి తీసి, ఆ చీకట్లో పల్లెదారులన్నీ తిరగాలి. ఆయన బస్సు పాతది. తలుపు తెరవాలంటే లివరు లాగాలి. లాగి లాగి కుడి భుజం అరిగిపోయింది. సొంత ఇంట్లో కాఫీ కప్పు కూడా ఎడమ చేత్తో ఎత్తేవాడు.

చెస్టర్‌కు ఒకే ఒక్క కోరిక. జూన్ నెలలో బళ్ళు మూసేశాక బస్సు తాళాలు డిపోలో ఇచ్చేసి, మళ్ళీ ఎప్పుడూ చీకట్లో లేవకూడదు. ఇంకేమీ అక్కర్లేదు. సముద్రాలు దాటి తిరగాలనీ లేదు, పడవ కొనాలనీ లేదు. పొద్దెక్కేదాకా పడుకోవాలి, అంతే.

ఆ కోరికకు దారి చూపింది బావమరిది లియొనార్డ్. చెస్టర్ భార్య బెర్నడీన్‌కు తమ్ముడు. ఊళ్ళో సగం మందికి ఆదాయపు పన్ను లెక్కలు అతనే కడతాడు. ఈస్టరుకు ముందు మాంసం మానేసే లెంటు కాలంలో ఒక శుక్రవారం చర్చి హాల్లో చేపల విందు. నేనూ అదే బల్ల దగ్గర ఉన్నాను కాబట్టి ఈ ముక్క మటుకు కల్పించడం లేదు.

చెస్టర్ ఆ వేళ మరీ అలిసిపోయి ఉన్నాడు. తల్లి పోయాక ఆమె ఇంటిని అద్దెకిచ్చి నాలుగేళ్ళు వేగాడు. అర్ధరాత్రి టాయిలెట్ పూడుకుపోయిందని ఫోను, పండగపూట హీటరు ఆగిపోయిందని ఫోను. విసిగి ఆ మధ్యే ఇల్లు అమ్మేశాడు. ఆ డబ్బు బ్యాంకులో ఊరికే పడి ఉంది.

"బావా, నీకు అద్దెలు కావాలి, అద్దెకున్నవాళ్ళు వద్దు. అంతేగా?" అన్నాడు లియొనార్డ్.

"ఇచ్చేదే గానీ ఏదీ అడగని పెళ్ళాం లాంటిదన్నమాట. దొరికితే అలాంటిదాన్నే చేసుకునేవాణ్ణి," అన్నాడు చెస్టర్.

"విన్నాను," అంది బెర్నడీన్, క్యాబేజీ గిన్నె అటు జరుపుతూ.

"జోకు కాదు బావా. రీట్ అని ఉంటుంది. వేలమంది దగ్గర డబ్బు పోగేసి ఒక ట్రస్టు పెద్దపెద్ద భవనాలు కొంటుంది. అద్దెలు వాళ్ళే వసూలు చేస్తారు, మరమ్మతులు వాళ్ళే చూసుకుంటారు. పన్ను లెక్కకొచ్చే లాభంలో నూటికి తొంభై వంతులు వాటాదార్లకి పంచి తీరాలని చట్టం. షేర్లు కొన్నట్టే కొనుక్కోవచ్చు. మూణ్ణెల్లకోసారి డివిడెండ్ వచ్చి బ్యాంకులో పడుతుంది. నువ్వు కుర్చీలోంచి లేవక్కర్లేదు."

"టాయిలెట్ పూడుకుపోయిందని ఎవరూ ఫోన్ చెయ్యరా?"

"నీ నంబరే వాళ్ళకి తెలీదు."

చెస్టర్ చేపముక్క నమలడం ఆపేశాడు. పెళ్ళినాడు కూడా ఆ మొహంలో అంత వెలుగు చూడలేదు నేను. బెర్నడీన్ ఇది చదువుతుంది కాబట్టి, దాదాపు అంత వెలుగు అని దిద్దుకుంటున్నాను.

"అయితే ఒక్కదాంట్లో పెట్టకు," అన్నాడు లియొనార్డ్. "అన్ని రకాలూ కలిపి ఒక ఫండ్ ఉంటుంది. ఆస్పత్రులు, గిడ్డంగులు, అపార్ట్‌మెంట్లు, సెల్‌ఫోన్ టవర్లు, అన్నిట్లో తలా కాస్త."

"ఎక్కడున్నాయవి?"

"దేశమంతా."

"చూడని గోడ నేను కొనను లెన్నీ. పోత పోసినవాణ్ణి. తట్టి చూస్తేగానీ నమ్మను."

అక్కడే పడింది తప్పటడుగు. అలాంటి తప్పు మా ఊరి ముసలాళ్ళు మాత్రమే చెయ్యగలరు. చలికాలంలో మా బయటి దారులన్నీ గాజులా జారతాయి. పడితే తుంటి ఎముక, తుంటి విరిగితే ఇక చర్చి గంట. అందుకని మేమంతా పొద్దున్నే మాల్‌కు పోయి నడుస్తాం. కొట్లు తెరవకముందే మాకోసం తలుపులు తీస్తారు. వెచ్చగా ఉంటుంది, నేల చదునుగా ఉంటుంది, మరుగుదొడ్డి దగ్గరగా ఉంటుంది. ఇంతకన్నా స్వర్గంలో ఏముంటుందో పాదిరీ కూడా చెప్పలేడు. చెస్టర్ పొద్దుటి పిల్లల్ని బళ్ళో దింపేసి వచ్చి మాతో కలిసేవాడు. ఏళ్ళ తరబడి ఆ మాల్లో నడిచాడు. ప్రతి స్తంభాన్నీ ఎరుగును. కనుక్కుంటే ఆ మాల్ కూడా ఒక రీట్‌దే అని తేలింది. ఇంకేముంది, తల్లి ఇల్లు అమ్మిన డబ్బంతా తీసుకుపోయి ఆ ఒక్క ట్రస్టులో పోశాడు.

లియొనార్డ్ తల పట్టుకున్నాడు. "బావా, ఆ షేరు చవగ్గా ఉంది, డివిడెండ్ మాత్రం అందరికంటే ఎక్కువ ఇస్తోంది. అంటే అర్థమేంటి? జనం భయపడి అమ్ముకుంటున్నారని."

"అర్థమేంటంటే జనానికి బుర్ర లేదని," అన్నాడు చెస్టర్.

మొదటి డివిడెండ్ వచ్చిన రోజు మాకందరికీ ఎమీరా కొట్లో కాఫీలు ఇప్పించాడు. ఎమీరా బోస్నియా నుంచి వచ్చిన మనిషి. ఫౌంటెన్ పక్కన ఉప్పు చల్లిన ప్రెట్జెల్ రొట్టెలు, కాఫీ అమ్ముతుంది. నడిచేవాళ్ళ కోసమే మిగతా కొట్లకంటే ముందు తెరుస్తుంది. కప్పు ఎత్తి చెస్టర్ అన్న మాట నాకింకా గుర్తుంది. "వాల్ట్, ఇవాళ నేను పడుకుని ఉంటే డబ్బు వచ్చిపడింది. పడుకుని ఉంటే!" ఆ డబ్బులు ఇలాగే ఏడాదికి నాలుగుసార్లూ వస్తే, అటు కార్ఖానా పింఛనూ ఇటు ముసలాళ్ళకు సర్కారిచ్చే సోషల్ సెక్యూరిటీ కలిపి, వచ్చే జూన్‌కు బస్సు దిగిపోవచ్చని లెక్క వేసుకున్నాడు.

ఆ మర్నాటి నుంచి మనిషికి పడక కరువైంది.

ముందు చిన్న చిన్నవి. నేలమీద కాగితం కనిపిస్తే వంగి ఏరేవాడు. కుళాయి కారుతుంటే బిగించేవాడు. తర్వాత సొంత పానాలు తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. పైకప్పు కారి చెప్పుల కొట్టు ముందు నీళ్ళు పడుతుంటే ఇంటినుంచి బాల్చీ తెచ్చి పెట్టాడు. పొద్దున బస్సు, తర్వాత మాల్, మధ్యాహ్నం బస్సు, మళ్ళీ మాల్. గుమ్మం ముందు మంచు తవ్వే కాంట్రాక్టువాళ్ళు రావడం ఆలస్యమైతే తనే పార పట్టేవాడు. ఒకరోజు కార్లు నిలిపే స్థలమంతా ఒక్కడే తవ్వాడని చెప్పుకుంటారు. అదంతా నేనే పుట్టించాను. తవ్వింది గుమ్మం వరకే. అయినా ఆ భుజంతో గుమ్మం కూడా ఎక్కువే.

ఒకసారి మగవాళ్ళ మరుగుదొడ్డిలోంచి రబ్బరు పంపు చేత్తో పట్టుకుని, చొక్కా తడిసి బయటికొచ్చాడు.

"ఏంట్రా ఇది?" అన్నాను.

"పూడుకుపోయింది."

"ఎవరైనా ఫోన్ చేశారా?"

"నోర్ముయ్ వాల్ట్."

అంతటితో ఆగినా బాగుండేది. మా మీద పడ్డాడు. ఊరికే నడిచి, వెచ్చదనం అనుభవించి, మరుగుదొడ్డి వాడుకుని, ఒక్క డాలరు ఖర్చుపెట్టకుండా పోయేవాళ్ళంటే ఆయనకు కళ్ళమంట పుట్టింది. కొట్లు నడిస్తేనే అద్దె, అద్దె వస్తేనే డివిడెండ్, డివిడెండ్ వస్తేనే బస్సు దిగేది. కాబట్టి మేం వేసే ప్రతి అడుక్కీ ఆయన నిద్ర కోసం సుంకం కట్టాలన్నట్టు తయారయ్యాడు.

"ఏమ్మా గ్లాడిస్, మూడేళ్ళుగా అవే బూట్లు. ఆ మూల కొట్లో తగ్గింపు ధరలున్నాయి, చూడవూ?"

"చెస్టర్, నా కాళ్ళు నావి."

"నేల మాత్రం నీది కాదుగా."

గ్లాడిస్ ఎనభై నాలుగేళ్ళ మనిషి. మర్నాటి నుంచి రావడం మానేసి వైఎంసీఏ వాళ్ళ వ్యాయామశాలలో నడవడం మొదలుపెట్టింది. ఆమెతో పాటు చర్చి గాయకబృందంలో సగం మంది పోయారు. కళ్ళజోళ్ళ కొట్టు ముందు బెంచీ మీద కాళ్ళు చాపుకున్న పాల్ అనే ఆయన్ని కాళ్ళు దించమన్నాడట. ఆయనా పోయాడు. వసంతం వచ్చేసరికి పొద్దుటిపూట ఆ మాల్లో నడిచేది నేనూ చెస్టరూ, మా వెనక మా బూట్ల చప్పుడూ.

అప్పుడు ఎమీరా ఆయన్ని కౌంటరు దగ్గరికి పిలిచింది. పిలిచి, కాఫీ పోసి, మెల్లగా మొదలుపెట్టింది.

"చెస్టర్ గారూ, మీరు నాకు మంచి చేద్దామనే చేస్తున్నారు. నాకు తెలుసు."

"ఈ మాల్ నిలబడాలమ్మా."

"పొద్దున నా కాఫీ తాగేదే ఆ ముసలాళ్ళు. బూట్లు కొనకపోతేనేం, రోజూ కప్పు కాఫీ తాగేవాళ్ళు. నా అద్దె అందులోంచే కట్టేదాన్ని. ఇప్పుడు మీరిద్దరే తాగుతున్నారు. వాల్ట్ గారైతే డబ్బులివ్వడం కూడా మర్చిపోతారు."

ఆ చివరి మాట అవసరం లేదు. కానీ చెస్టర్ మొహం చూస్తే నాకు నవ్వు రాలేదు. కప్పు ఎడమ చేత్తో కౌంటరు మీద పెట్టాడు.

"నువ్వు ఖాళీ చేస్తావా?" అన్నాడు.

"వేసవి దాకా చూస్తాను."

అంతలో పెద్ద బట్టల కొట్టు మూస్తున్నట్టు బోర్డులు కట్టారు. అది మాల్‌కు పట్టుగొమ్మ. అది పోతే చిన్న కొట్లు అద్దె తగ్గించమంటాయనీ, కొన్ని లేచిపోతాయనీ లియొనార్డ్ చెప్పాడు. చెస్టర్ వినలేదు. వినడానికి వీల్లేదు కూడా. వచ్చే ఏడు బస్సు నడపనని అప్పటికే డిపోలో చెప్పేశాడు. వాళ్ళు పసుప్పచ్చటి బస్సు ఆకారంలో కేకు చేయించి కోశారు. నేనూ తిన్నాను. చక్రం ముక్క నాదే.

మే నెలలో ట్రస్టు వార్షిక సమావేశం క్లీవ్‌లండ్‌లో ఒక హోటల్లో పెట్టారు. వాటాదార్లెవరైనా రావచ్చు. మామూలుగా ఎవరూ రారు. చెస్టర్ వెళ్ళాడు. ఉన్న ఒక్క సూటూ వేసుకుని, బెర్నడీన్‌ను వెంటబెట్టుకుని, కారు నేను నడుపుతుంటే వెళ్ళాడు. పైకప్పు కారే చోట్లన్నీ ఫోటోలు తీసి పెట్టుకున్నాడు. ఎవరో చెప్పేదాకా పైవాళ్ళకు తెలియదు, తెలిస్తే బాగుచేయిస్తారు, బాగుచేస్తే కొత్త కొట్లు వస్తాయి. దారంతా ఇదే పాట.

హాల్లో కుర్చీలు చాలా, మనుషులు కొంచెం. వేదిక మీద నలుగురు. ప్రశ్నలడగొచ్చని చెప్పగానే చెస్టర్ లేచాడు. మైకు అందుకున్నాడు.

"నా పేరు చెస్టర్ గోర్‌స్కీ. ఈరీ నుంచి వచ్చాను. మన మాల్లో చెప్పుల కొట్టు ముందు పైకప్పు కారుతోంది. నేను బాల్చీ పెట్టాను గానీ, బాల్చీతో ఎంతకాలం?"

వేదిక మీదివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పక్కనున్న కుర్రదాన్ని అడిగారు. ఆమె కంప్యూటర్లో ఏదో వెతికింది. వయసులో నా మనవరాలంత ఉంటుంది. నోట్లో మర్యాద ఉంది.

"బాల్చీ పెట్టినందుకు చాలా థాంక్స్ మిస్టర్ గోర్‌స్కీ. కానీ మీరు చెప్పే మాల్ ఇప్పుడు మా ముఖ్యమైన ఆస్తుల్లో లేదండీ. అప్పు ఇచ్చిన బ్యాంకుకే వదిలేసే ఆలోచనలో ఉన్నాం."

"ముఖ్యం కాదా?"

"ట్రస్టుకి అరవైకి పైగా మాల్స్ ఉన్నాయి సర్."

"మాకు ఒకటే ఉందమ్మా," అన్నాడు చెస్టర్.

ఇంకేదో అడగాలనుకున్నాడు. గుర్తు రాలేదు. మైకు ఎవరికివ్వాలో తెలియక దాన్ని కుర్చీలో పడుకోబెట్టి, తను పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఆ తర్వాత వేదిక మీద పెద్దాయన ఆ ఏడాదికి డివిడెండ్ ఆపేస్తున్నట్టు చెప్పాడు. చాలా చక్కగా చెప్పాడు. నిద్రపోతున్నవాడికి దుప్పటి కప్పినంత మెత్తగా చెప్పాడు.

తిరుగు దారిలో ఎడమ పక్కన సరస్సు, కుడి పక్కన ద్రాక్షతోటలు.

"తొంభై వంతులు పంచి తీరాలని చట్టం," అన్నాడు చెస్టర్, అద్దంలోంచి బయటికి చూస్తూ. "లెన్నీ చెప్పాడు. నూటికి తొంభై."

"లాభంలో తొంభై అయ్యా," అంది బెర్నడీన్ వెనక సీట్లోంచి. "సున్నాలో తొంభై వంతులు ఎంతో సిస్టర్ ఫిలోమీనా నేర్పలేదా నీకు?"

"ఆ రోజు నేను బడికి పోలేదు."

"నువ్వు ఏ రోజు పోయావు గనక," అందామె. అని, ముందుకు వంగి ఆయన కుడి భుజం మీద చెయ్యి వేసి నొక్కడం మొదలుపెట్టింది. ఊరు వచ్చేదాకా నొక్కుతూనే ఉంది.

షేర్లు అమ్మేశారు. కొన్నదానిలో మూడో వంతు కూడా రాలేదు. ఆ వచ్చింది బెర్నడీన్ తన చేతిలోకి తీసుకుంది. లియొనార్డ్ మొదట చెప్పిన ఫండ్‌లోనే పెట్టింది. అందులో ఎన్నో రీట్‌లు, ఎక్కడెక్కడివో ఆస్పత్రులు, గిడ్డంగులు, టవర్లు. ఒక షరతు పెట్టింది. ఆ భవనాలు ఏవో, ఎక్కడున్నాయో చెస్టర్ అడగకూడదు. ఆమె చెప్పదు. లియొనార్డ్ చెబితే అతని పెళ్ళాం చేత అన్నం మాన్పిస్తానంది.

ఆగస్టులో చెస్టర్ డిపోకు వెళ్ళాడు. కేకు తిన్న మొహంతో మళ్ళీ పోవడం కష్టమే. గుమ్మం దాకా నేను తోడు వెళ్ళాను. సూపర్‌వైజరు మనిషిని చూడగానే లేచాడు. గోడ మీది కొక్కెం నుంచి తాళాలు తీసి ఇచ్చాడు. డ్రైవర్లు దొరక్క చస్తున్నారు మరి. ఒక్క మంచిపని మాత్రం చేశాడు. గాలి మీట నొక్కితే తలుపు దానంతటదే తెరుచుకునే బస్సు ఇచ్చాడు.

ఆ చలికాలం ఆయన బస్సు నడిపాడు. ఈ చలికాలమూ నడుపుతున్నాడు. మూణ్ణెల్లకోసారి ఫండ్ నుంచి డబ్బు వస్తుంది. గొప్పగా రాదు. బెర్నడీన్ దాన్ని ముట్టుకోకుండా మళ్ళీ అందులోనే పోస్తుంది. ఇంకో రెండేళ్ళు ఆగితే చూద్దాం అంటుంది. చెస్టర్ తల ఊపుతాడు. అలిసిన గుర్రం తల ఊపినట్టు ఊపుతాడు. ఔనని కాదు, కాదనీ కాదు.

మాల్ పడగొట్టారు. నడిచేవాళ్ళందరం వైఎంసీఏకు మారాం. గ్లాడిస్ ఆయన్ని రెండు నెలలు పలకరించలేదు. తర్వాత తన బూట్లు చూపించింది. కొత్తవి. ఎక్కడ కొన్నదో చెప్పలేదు.

మొన్న శనివారం ముగ్గురం కార్లో పోతున్నాం. హైవే పక్కన పెద్ద తెల్ల గిడ్డంగి, కిటికీల్లేనిది, కొత్తగా కట్టారు. చెస్టర్ తల తిప్పి చూశాడు. అది దాటాక కూడా చూశాడు.

"బెర్నీ, అది మనదా?"

"నాకు తెలీదు. తెలిసినా చెప్పను."

"గుమ్మం ముందు మంచు తియ్యలేదు చూడు."

"కళ్ళు మూసుకో చెస్టర్."

నిజంగానే మూసుకున్నాడు. ఇల్లు వచ్చేదాకా తెరవలేదు. నిద్రపోయాడేమోనని కారు వాకిట్లోనే ఆపి, ఇంజను ఆర్పకుండా, హీటరు నడుస్తుంటే ముగ్గురం చాలాసేపు అలాగే కూర్చున్నాం. ఆమె లేపలేదు. నేనూ లేపలేదు.

ఇదంతా రాశాక ఒక పెద్దమనిషి గురించి రాసింది ఆయనకు వినిపించకుండా అచ్చుకు పంపడం పాపమనిపించింది. నిన్న ఆయన వంటింట్లో కూర్చుని మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివి వినిపించాను. చెస్టర్ కాఫీ తాగుతూ విన్నాడు. అయ్యాక కప్పు ఎడమ చేత్తో పక్కన పెట్టాడు.

"ఒక్క ముక్క కూడా నిజం కాదు. నేను జన్మలో ఏ షేరూ కొనలేదు. ఆ మాల్లోకి ఎప్పుడూ అడుగే పెట్టలేదు. క్లీవ్‌లండ్ ఎక్కడుందో నాకు తెలీదు. నాకు అలసట అంటే ఏంటో తెలీదు."